బేడీలు (భారతీయ చట్టం)

బేడీలు లేదా చేతి సంకెళ్ళు అనగా అరెస్టయిన వ్యక్తి గాని, ఖైదీ గాని పారిపోకుండా, ఎదురు తిరగకుండా అతని మణికట్లను కలిపి బంధించే లోహపు పరికరము. తెలుగు పత్రికలలో వీటినే అరదండాలు అని కూడా వ్రాస్తారు. భారతదేశంలో పోలీసులు బేడీలు ఎప్పుడు వేయవచ్చు, ఎప్పుడు వేయకూడదు అన్న విషయం చాలాకాలం పోలీసు మాన్యువళ్ళకే వదిలివేయబడింది. 1980లో సుప్రీం కోర్టు ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో ఇచ్చిన తీర్పుతో అది రాజ్యాంగ సంబంధమైన ప్రశ్నగా మారింది. బేడీలు వేయకపోవడమే నియమమని, వేయడం అరుదైన మినహాయింపు మాత్రమేనని ఆ తీర్పు సారాంశం. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023 మొదటిసారిగా కొన్ని రకాల నేరాలలో బేడీలు వాడే అధికారాన్ని పోలీసు అధికారికి శాసనం ద్వారానే ఇచ్చింది.

పేరు, పరికరం

బేడీ అన్నమాట హిందీ నుండి వచ్చినది. హిందీలో బేడీ అంటే కాలికి వేసే సంకెల. చేతికి వేసేదాన్ని హథ్‌కడీ అంటారు. తెలుగులో ఈ తేడా చెరిగిపోయి చేతికి వేసేవి కూడా బేడీలే అయినాయి. న్యాయస్థానాల తీర్పులలో మాత్రం ఈ తేడా ముఖ్యమైనది. చేతికి వేసేవాటిని అరెస్టు, ఎస్కార్టు సందర్భాలలోను, కాళ్ళకు ఇనుప కడ్డీతో కలిపి వేసేవాటిని జైలు లోపలి క్రమశిక్షణ సందర్భంలోను చర్చించారు.

పాతకాలపు బేడీలు ఒకే కొలతలో ఉండేవి. సన్నని చేయి వాటిలోనుండి జారిపోయేది, లావుపాటి చేతికి అవి పట్టేవి కావు. మణికట్టుకు తగినట్లు బిగించుకునే పళ్ళచక్రపు బేడీలకు 1862లో అమెరికాలో ఆడమ్స్ అనే వ్యక్తి పేటెంటు పొందాడు. 1912లో వచ్చిన పీర్‌లెస్ నమూనాలో కదిలే చేయి మణికట్టు చుట్టూ తిరిగి తనంతట తానే తాళం పడుతుంది. ఇప్పటి బేడీలు చాలావరకు ఈ నమూనాను అనుసరించినవే. వీటిలో రెండవ తాళం ఒకటి ఉంటుంది. దానిని వేయకపోతే బంధింపబడిన వ్యక్తి కదిలిన కొద్దీ బేడీ మరింత బిగుసుకుంటుంది. ఎక్కువసేపు బిగుసుకొని ఉంటే బొటనవ్రేలి వైపు చర్మం క్రింద పోయే నరం దెబ్బతిని, చేతి వెనుక భాగంలో తిమ్మిరి వారాల తరబడి నిలిచిపోవచ్చు. భారతదేశంలో బేడీకి తాడు గాని, గొలుసు గాని తగిలించి రెండవ కొసను కానిస్టేబులు పట్టుకొని నడిపించడం పరిపాటి. ఇద్దరు ఖైదీలను ఒకే జత బేడీలతో కలిపి నడిపించడమూ ఉన్నది.

అరెస్టులో బలప్రయోగం

బేడీల ప్రశ్న అరెస్టు అనే ప్రక్రియలో ఒక భాగం. కనుక ముందుగా అరెస్టు గురించి చట్టం చెప్పేది తెలియాలి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 1973లోని 46వ సెక్షను ప్రకారం, ఒక వ్యక్తి మాటతో గాని చేతతో గాని తనంతట తాను లొంగిపోతే తప్ప, అతని శరీరాన్ని తాకడం ద్వారా లేదా నిర్బంధించడం ద్వారా అరెస్టు జరుగుతుంది. అతను బలవంతంగా ఎదిరించినా, తప్పించుకోజూచినా పోలీసు అధికారి అవసరమైన అన్ని మార్గాలను వాడవచ్చు. అయితే మరణశిక్ష లేదా యావజ్జీవశిక్ష పడదగిన నేరం ఆరోపింపబడని వ్యక్తిని చంపే హక్కు మాత్రం దీనివలన రాదు.

49వ సెక్షను ఒకే వాక్యం. అరెస్టయిన వ్యక్తిని పారిపోకుండా ఆపడానికి అవసరమైనంత కంటే ఎక్కువ నిర్బంధానికి గురిచేయకూడదు. బేడీలన్న మాట ఈ వాక్యంలో లేదు. కాని ఆ తరువాత వచ్చిన వాదోపవాదాలన్నీ 'అవసరమైనంత' అన్న ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగినవి. అవసరాన్ని నిర్ణయించేది ఎవరు? ఏ ఆధారంతో? ఆ నిర్ణయాన్ని తరువాత ఎవరు పరిశీలిస్తారు? ఈ రెండు సెక్షన్లు కొత్త సంహితలో 43, 46 సెక్షన్లుగా కొనసాగుతున్నవి.

స్త్రీల విషయంలో ప్రత్యేక నియమాలున్నవి. నోటిమాటగా అరెస్టు విషయం చెప్పగానే స్త్రీ లొంగిపోయినట్లు భావించాలి. పరిస్థితులు వేరుగా ఉంటే తప్ప, అరెస్టు చేసేది మహిళా పోలీసు అధికారి కానప్పుడు ఆమె శరీరాన్ని తాకరాదు. అసాధారణ పరిస్థితులలో తప్ప సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయకూడదు. అటువంటి పరిస్థితి ఉన్నా మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

1980కి ముందు

ఖైదీకి కూడా ప్రాథమిక హక్కులుంటాయన్న భావన ఒక్కరోజులో రాలేదు. ఆ దారిలో తొలి కేసులలో ఒకటి విశాఖపట్నం నుండి వచ్చినది. విశాఖ సెంట్రల్ జైలులో ఉన్న నక్సలైటు ఖైదీలు జైలు చుట్టూ సాయుధ పోలీసుల కాపలాను, గోడపై అమర్చిన విద్యుత్ తీగలను ప్రశ్నిస్తూ సుప్రీం కోర్టుకు వెళ్ళారు. భువన్ మోహన్ పట్నాయక్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అనే ఈ కేసులో 1974లో తీర్పు వచ్చింది. ఖైదీలు కోరిన ఉపశమనం లభించలేదు. పారిపోయే ప్రాథమిక హక్కు ఏ ఖైదీకీ ఉండదని కోర్టు అన్నది. కాని శిక్ష పడినంత మాత్రాన మనిషి తన ప్రాథమిక హక్కులన్నిటినీ కోల్పోడని కూడా అదే తీర్పు చెప్పింది. ఓడిపోయిన కేసులోని ఈ మాటే తరువాతి కేసులకు ఆధారమైనది.

1978లో సునీల్ బాత్రా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తిహార్ జైలులోని ఏకాంత నిర్బంధాన్ని, కాలి సంకెళ్ళను పరిశీలించింది. కాలి సంకెళ్ళ గురించి కోర్టుకు వెళ్ళినవాడు అప్పటికే అంతర్జాతీయంగా పేరు మోసిన నేరస్థుడు చార్లెస్ శోభరాజ్. అతనికి రేయింబవళ్ళు ఇనుప కడ్డీ సంకెళ్ళు వేసి ఉంచారు. కారాగారాల చట్టం, 1894లోని 56వ సెక్షను జైలు సూపరింటెండెంటుకు ఈ అధికారం ఇస్తుంది. కోర్టు ఆ సెక్షనును కొట్టివేయలేదు. కాని విచారణ ఖైదీకి కాలపరిమితి లేకుండా, కారణం వ్రాయకుండా, అతని మాట వినకుండా సంకెళ్ళు వేయడం చెల్లదని చెప్పింది. జనం సానుభూతి చూపని మనిషి విషయంలో ఈ సూత్రం స్థిరపడడం గమనించదగినది.

ప్రేమ్ శంకర్ శుక్లా కేసు

తిహార్ జైలులో ఉన్న ప్రేమ్ శంకర్ శుక్లా మోసం కేసులలో విచారణ ఖైదీ. జైలు నుండి కోర్టుకు, కోర్టు నుండి జైలుకు తీసుకుపోయే ప్రతిసారీ తనకు బేడీలు వేస్తున్నారని, వేయవద్దని క్రింది కోర్టు చెప్పినా ఎస్కార్టు సిబ్బంది వినడం లేదని సుప్రీం కోర్టు న్యాయమూర్తికి ఒక టెలిగ్రాం పంపాడు. కోర్టు దానినే పిటిషనుగా స్వీకరించింది. 1980 ఏప్రిల్ 29న తీర్పు వెలువడినది. ధర్మాసనంలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, జస్టిస్ ఆర్.ఎస్. పాఠక్, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఉన్నారు. వీరిలో చిన్నప్పరెడ్డి తెలుగువాడు, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవాడు. ప్రధానమైన తీర్పును కృష్ణయ్యర్ తన తరఫున, చిన్నప్పరెడ్డి తరఫున వ్రాశాడు.

అప్పట్లో ఢిల్లీలో అమలులో ఉన్నవి పంజాబ్ పోలీసు నియమాలు. వాటి ప్రకారం మూడేళ్ళకు మించి శిక్ష పడదగిన నాన్ బెయిలబుల్ నేరం ఆరోపింపబడిన ప్రతి విచారణ ఖైదీకీ బేడీలు వేయాలి. అంటే మనిషిని చూడవలసిన పనిలేదు, ఎఫ్ఐఆర్‌లోని సెక్షను చూస్తే చాలు. అదే నియమాలలో 'మెరుగైన తరగతి' ఖైదీలకు మాత్రం సాధారణంగా బేడీలు వేయనవసరం లేదని ఉన్నది. మెరుగైన తరగతి అంటే సామాజిక హోదా, చదువు, జీవన విధానం చేత మంచి స్థితికి అలవాటుపడినవారు. వేరుగా చెప్పాలంటే ఒకే నేరం ఆరోపింపబడిన ఇద్దరిలో ధనవంతుడి చేతులు ఖాళీగాను, కూలివాని చేతులు బేడీలతోను ఉంటాయి.

కోర్టు ఈ రెండు నియమాలనూ తప్పుపట్టింది. హోదాను బట్టి బేడీలు వేయడం రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధం. పేదవాడు ధనికునికంటే ఎక్కువగా పారిపోతాడనడానికి ఆధారం లేదు. ఇక ఆరోపణ తీవ్రతను బట్టి బేడీలు వేయడంలో కూడా తర్కం లేదని కోర్టు భావించింది. పెద్ద నేరం ఆరోపింపబడిన మనిషి నెమ్మదిగా వెంట నడవవచ్చు. చిన్న కేసులో ఉన్నవాడు పారిపోయే ఘటికుడు కావచ్చు. కనుక చూడవలసినది ఈ మనిషి, ఈ ప్రయాణంలో, పోలీసుల అదుపు తప్పించుకుపోయే స్పష్టమైన ప్రమాదం ఉన్నదా లేదా అన్నది మాత్రమే. ఎస్కార్టు సిబ్బందికి సులువుగా ఉంటుందన్నది కారణం కాదు. పారిపోతాడన్న భయముంటే కాపలాదారులను పెంచవచ్చు, వారికి తగిన శిక్షణ ఇవ్వవచ్చు, భద్రమైన వాహనంలో తీసుకుపోవచ్చు.

అప్పటికీ తప్పనిసరి అయితే బేడీలు వేయవచ్చు గాని, అందుకు షరతులున్నవి. ఎస్కార్టు అధికారి కారణాలను అప్పటికప్పుడు వ్రాసి పెట్టాలి. ఆ కారణాలను కోర్టులోని న్యాయాధికారికి చూపి ఆమోదం పొందాలి. బేడీలు వద్దని న్యాయాధికారి చెప్పిన తరువాత ఎంత పెద్ద పోలీసు అధికారి అయినా దానిని త్రోసిపుచ్చలేడు. జస్టిస్ పాఠక్ వేరుగా వ్రాసిన తీర్పులో మామూలుగా బేడీలు వేయరాదన్న విషయాన్ని అంగీకరిస్తూనే, ఒక్కొక్క ఖైదీ విషయం ఆ కేసు విచారిస్తున్న మేజిస్ట్రేటుకే వదలాలని అభిప్రాయపడ్డాడు.

తీర్పు తరువాత

తీర్పు వెలువడినా వాడుక మారలేదు. 1988లో ఆల్తమష్ రైన్ అనే న్యాయవాది వేసిన కేసులో, 1980 తీర్పుకు తగిన నియమాలు తయారు చేయమని సుప్రీం కోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించవలసి వచ్చింది. 1990లో సునీల్ గుప్తా కేసులో మధ్యప్రదేశ్‌లో ధర్నా చేసి అరెస్టయిన సామాజిక కార్యకర్తలను కోర్టు నుండి జైలుకు బేడీలతో తీసుకుపోయిన సంగతి బయటపడింది. వారు బెయిలు కూడా కోరకుండా జైలుకు వెళ్ళడానికి సిద్ధపడినవారు. అటువంటివారు పారిపోతారని ఎవరు అనుకుంటారు?

అన్నిటికంటే విచిత్రమైనది 1989లో గుజరాత్‌లోని నడియాద్‌లో జరిగినది. అక్కడి చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకు, స్థానిక పోలీసులకు మధ్య విభేదాలున్నవి. పోలీసులు ఆయనను స్టేషనుకు రప్పించి, బలవంతంగా మద్యం త్రాగించి, కొట్టి, బేడీలు వేసి, తాడుతో కట్టి ఫోటోలు తీయించారు. పోలీసుల చేత చట్టాన్ని పాటింపజేయవలసిన న్యాయాధికారికే ఈ గతి పట్టడంతో దేశమంతటా న్యాయాధికారులు ఆందోళన చెందారు. 1991లో సుప్రీం కోర్టు బాధ్యులైన పోలీసులను కోర్టు ధిక్కారం క్రింద శిక్షించి, న్యాయాధికారుల అరెస్టు విషయంలో వేరుగా మార్గదర్శకాలు ఇచ్చింది.

అదే సంవత్సరం మహారాష్ట్ర వర్సెస్ రవికాంత్ పాటిల్ కేసులో, విచారణ ఖైదీకి బేడీలు వేసి, చేతులు తాడుతో కట్టి వీధులలో ఊరేగించినందుకు 10,000 రూపాయల నష్టపరిహారాన్ని సుప్రీం కోర్టు సమర్థించింది. అయితే ఆ సొమ్మును ఇన్‌స్పెక్టరు తన జేబునుండి కాక ప్రభుత్వమే చెల్లించాలని హైకోర్టు ఆదేశాన్ని సవరించింది. ఈ సవరణ చిన్నదిగా కనిపించినా దీని ఫలితం పెద్దది. బేడీ వేసిన చేతికి, పరిహారం చెల్లించే చేతికి సంబంధం లేకుండా పోయింది.

1995 నాటి తీర్పు

గౌహతి మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో టాడా చట్టం క్రింద నిర్బంధింపబడిన ఏడుగురు చికిత్స పొందుతున్నారు. గదికి తాళం, బయట సాయుధ కాపలా ఉండగా కూడా వారిని బేడీలతో, పొడవైన తాడుతో మంచాలకు కట్టివేశారు. దీనిని చూసిన పత్రికా రచయిత కులదీప్ నయ్యర్ సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ అధ్యక్షుని హోదాలో సుప్రీం కోర్టుకు లేఖ వ్రాశాడు. 1995 మే 1న జస్టిస్ కులదీప్ సింగ్ వ్రాసిన తీర్పు 1980 నాటి తీర్పుకంటే ఒక అడుగు ముందుకు వేసింది. శుక్లా తీర్పు ప్రకారం ఎస్కార్టు అధికారి బేడీలు వేసి తరువాత ఆమోదం పొందే వీలుండేది. ఇప్పుడు ముందుగా మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. శిక్ష పడిన ఖైదీ అయినా, విచారణ ఖైదీ అయినా, జైలులో గాని, జైలు నుండి జైలుకు లేదా కోర్టుకు తీసుకుపోయేటప్పుడు గాని పోలీసులు, జైలు అధికారులు తమంతట తాము బేడీలు వేయరాదు.

మేజిస్ట్రేటు జారీచేసిన వారంటుపై అరెస్టు చేసినప్పుడు కూడా ఆ మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే బేడీలు వేయకూడదు. వారంటు లేకుండా అరెస్టు చేసినప్పుడు మాత్రమే, తగిన ఆధారాలుంటే, ఆ వ్యక్తిని స్టేషనుకు తీసుకుపోయేవరకు, అక్కడినుండి మేజిస్ట్రేటు ముందు హాజరు పరిచేవరకు వేయవచ్చు. ఈ ఆదేశాలను ఉల్లంఘిస్తే కోర్టు ధిక్కారంగా పరిగణిస్తామని తీర్పు హెచ్చరించింది. 1999లో జాతీయ మానవ హక్కుల కమిషన్ అరెస్టులపై ఇచ్చిన మార్గదర్శకాలలో ఈ రెండు తీర్పులనే ఉదహరించింది.

ఎస్కార్టు సిబ్బంది స్థితి

ఇన్ని తీర్పుల తరువాత కూడా బేడీలు ఎందుకు కనిపిస్తున్నవన్న ప్రశ్నకు జవాబు పోలీసుల క్రూరత్వంలో మాత్రమే లేదు. ఖైదీని కోర్టుకు తీసుకుపోయేది కేసు దర్యాప్తు చేసిన అధికారి కాదు. సాధారణంగా జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వుకు చెందిన కానిస్టేబుళ్ళు, హెడ్ కానిస్టేబుళ్ళు ఆ పని చేస్తారు. వారికి ఖైదీ ఎవరో, కేసు ఏమిటో పెద్దగా తెలియదు. ఉదయం ఇచ్చిన పాసుపోర్టు కాగితంలో ఎంతమంది పేర్లున్నవో, సాయంత్రం అంతమందిని తిరిగి జైలుకు అప్పగించడం వారి బాధ్యత.

ఒక్కడు తప్పించుకున్నా సస్పెన్షను వెంటనే వస్తుంది. అజాగ్రత్త వలన ఖైదీ పారిపోతే అది నేరం కూడా. భారత శిక్షాస్మృతి 223వ సెక్షను దీనికి రెండేళ్ళ వరకు సాధారణ జైలుశిక్ష విధించేది. కొత్తగా వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ నేరం ఉన్నది. బేడీలు వేసినందుకు మాత్రం ఏ శిక్షాస్మృతిలోను పేరుపెట్టి ఒక నేరం లేదు. ఫోటో పత్రికలో పడితే తప్ప అడిగేవారూ ఉండరు. మేజిస్ట్రేటు ముందుకు తెచ్చే సమయానికి కోర్టు వరండాలోనే బేడీలు తీసివేయడం వలన చాలాసార్లు అవి న్యాయాధికారి కంటపడవు. ఈ లెక్కలో బస్సులో ఇద్దరు ఖైదీలతో ప్రయాణించే కానిస్టేబులు దేనిని ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు. శుక్లా తీర్పు సూచించిన అదనపు సిబ్బంది, ప్రత్యేక వాహనాలు ఖర్చుతో కూడినవి. బేడీలకు ఖర్చు లేదు.

నాగరిక్ సురక్షా సంహిత, 2023

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన ఈ సంహిత 43వ సెక్షనులో మూడవ ఉపవిభాగం కొత్తది. నేర స్వభావాన్ని, తీవ్రతను దృష్టిలో ఉంచుకొని, అరెస్టు చేసేటప్పుడు గాని, కోర్టులో హాజరు పరిచేటప్పుడు గాని పోలీసు అధికారి బేడీలు వాడవచ్చునని ఇది చెబుతుంది. అలవాటుగా లేదా మళ్ళీ మళ్ళీ నేరం చేసేవారు, కస్టడీనుండి తప్పించుకున్నవారు దీని క్రిందికి వస్తారు. నేరాలలో వ్యవస్థీకృత నేరం, తీవ్రవాద చర్య, మాదకద్రవ్యాల నేరం, అక్రమంగా ఆయుధాలు కలిగి ఉండడం, హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి, నాణేల, కరెన్సీ నోట్ల నకిలీ, మనుషుల అక్రమ రవాణా, పిల్లలపై లైంగిక నేరాలు, రాజ్యానికి వ్యతిరేకమైన నేరాలు చేర్చబడినవి.

2023 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన తొలి బిల్లులో ఆర్థిక నేరాలు కూడా ఉండేవి. పార్లమెంటరీ స్థాయీసంఘం వాటిని తొలగించాలని సిఫారసు చేయగా డిసెంబరులో వచ్చిన రెండవ బిల్లులో తీసివేశారు. అదే సమయంలో, తొలి బిల్లులో అరెస్టు సమయానికే పరిమితమైన అధికారాన్ని కోర్టులో హాజరు పరిచే సమయానికి కూడా విస్తరించారు. మొదటి మార్పుపై చర్చ జరిగినంతగా రెండవ మార్పుపై జరగలేదు. 1980, 1995 తీర్పులు ముఖ్యంగా పట్టించుకున్నది కోర్టుకు తీసుకుపోయే ఆ ప్రయాణాన్నే.

శుక్లా తీర్పులో ప్రమాణం మనిషి. ఈ ఉపవిభాగంలో ప్రమాణం చాలావరకు నేరం. పంజాబ్ నియమాలలో కోర్టు తప్పుపట్టినది సరిగ్గా ఈ పద్ధతినే. కారణాలు వ్రాయాలని గాని, మేజిస్ట్రేటు అనుమతి ఉండాలని గాని ఉపవిభాగంలో లేదు. 'మళ్ళీ మళ్ళీ నేరం చేసేవాడు' అంటే ఎవరో అందులో నిర్వచింపబడలేదు. మరొకవైపు, సెక్షను వాడినది 'వాడవచ్చు' అన్న మాట, 'వాడాలి' అని కాదు. అవసరానికి మించిన నిర్బంధం కూడదన్న పాత నియమం 46వ సెక్షనుగా ప్రక్కనే ఉన్నది. 14, 19, 21 అధికరణాల ఆధారంగా వచ్చిన తీర్పులను సాధారణ శాసనం రద్దు చేయలేదు. శాసనాన్నే రాజ్యాంగానికి లోబడి చదువుకోవాలి. జాబితాలో లేని నేరాల విషయంలోనైతే సందేహమే లేదు. ధర్నా, రాస్తారోకో, ప్రభుత్వ ఉద్యోగి విధులకు ఆటంకం వంటివి అందులో లేవు.

తెలుగు రాష్ట్రాలలో

ఇటీవలి కాలంలో తెలుగు రాష్ట్రాలలో బేడీలు పెద్ద వార్తలైన సందర్భాలలో ఎక్కువ భాగం రైతులకు సంబంధించినవి కావడం గమనార్హం. 2017 ఏప్రిల్ 28న మిర్చి ధర పడిపోయిందన్న కోపంతో ఖమ్మం మార్కెట్ యార్డులో విధ్వంసం జరిగినది. ఈ కేసులో అరెస్టయిన రైతులను మే నెలలో బేడీలతో ఖమ్మం కోర్టుకు తీసుకువచ్చారు. ఆ ఫోటోలు పత్రికలలో రావడంతో నిరసనలు చెలరేగి, ఎస్కార్టుకు బాధ్యులైన ఆర్మ్‌డ్ రిజర్వు ఎస్సైలను సస్పెండు చేశారు.

2020 అక్టోబరులో అమరావతి ప్రాంతంలోని కృష్ణాయపాలెం రైతులను నరసరావుపేట నుండి గుంటూరు జైలుకు తరలించేటప్పుడు బేడీలు వేశారు. అక్కడ కూడా ఎస్కార్టు సిబ్బందిపైననే చర్య తీసుకున్నారు. 2024 నవంబరులో వికారాబాదు జిల్లా లగచర్లలో భూసేకరణ విషయమై అధికారులపై జరిగిన దాడి కేసులో సంగారెడ్డి జైలులో ఉన్న ఒక రైతుకు డిసెంబరులో ఛాతీనొప్పి రాగా, బేడీలతోనే ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించాడు. 2025 జూన్‌లో జోగులాంబ గద్వాల జిల్లా పెద్దధన్వాడలో ఇథనాల్ పరిశ్రమను వ్యతిరేకించిన కేసులోని రైతులను బేడీలతో అలంపూర్ కోర్టుకు తెచ్చారు. ఇక్కడ కూడా సస్పెన్షన్లు జరిగినవి.

నాలుగు సంఘటనలకు మధ్య ప్రభుత్వాలు మారినవి, పార్టీలు మారినవి. ప్రతిసారీ ప్రతిపక్షం ఖండించింది, ప్రతిసారీ ఎస్కార్టులోని క్రింది ఉద్యోగులపై వేటు పడింది. మేజిస్ట్రేటు అనుమతి తీసుకున్నారా, కారణాలు ఎక్కడైనా వ్రాశారా, తగినంత సిబ్బందిని కేటాయించారా అన్న ప్రశ్నలు ఈ వార్తలలో చాలా తక్కువగా కనిపించినవి.

ఆసుపత్రిలో, బాలల విషయంలో

మంచానికి కట్టివేయడం 1995తో ఆగలేదు. విహాన్ కుమార్ వర్సెస్ హర్యానా కేసులో అరెస్టయిన వ్యక్తిని రోహ్‌తక్‌లోని ప్రభుత్వ వైద్య సంస్థలో చేర్చి, బేడీ వేసి, మంచానికి గొలుసుతో కట్టారు. 2025 ఫిబ్రవరి 7న జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఎన్. కోటీశ్వర్ సింగ్‌ల ధర్మాసనం ఇది 21వ అధికరణం ఇచ్చిన గౌరవంగా జీవించే హక్కుకు భంగమని చెప్పి, మరల ఇలా జరగకుండా మార్గదర్శకాలు ఇవ్వమని హర్యానా ప్రభుత్వాన్ని ఆదేశించింది. అరెస్టుకు కారణాలు తెలుపలేదన్న కారణంతో ఆ అరెస్టే చెల్లదని కూడా తీర్పు చెప్పింది. గౌహతి తీర్పు వచ్చి అప్పటికి దాదాపు ముప్ఫై ఏళ్ళు.

చట్టంతో ఘర్షణ పడిన బాలలకు బేడీలు గాని, గొలుసులు గాని వేయరాదని 2016 నాటి జువెనైల్ జస్టిస్ నమూనా నియమాలు స్పష్టంగా చెబుతున్నవి. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు అవమానకరమైన, బాధాకరమైన గొలుసులను పూర్తిగా నిషేధిస్తూ, మిగిలిన బంధనాలను తరలింపులో పారిపోకుండా ఆపడం వంటి కొద్ది సందర్భాలకే పరిమితం చేశాయి. న్యాయాధికారి ముందు నిలబెట్టేటప్పుడు వాటిని తీసివేయాలి. ప్రసవ సమయంలోను, ఆ వెంటనేను స్త్రీలకు ఏ బంధనమూ వేయరాదు.

బాధితునికి ఉన్న మార్గాలు

అరెస్టయిన వ్యక్తిని ప్రయాణకాలం మినహా 24 గంటలలోపు మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. బేడీలు వేసినట్లయితే ఆ సంగతి చెప్పడానికి మొదటి అవకాశం అదే. అడగకపోయినా మేజిస్ట్రేటు స్వయంగా చూచి విచారించవచ్చు. మణికట్టుపై గుర్తులుంటే వైద్య పరీక్షలో నమోదు చేయమని కోరవచ్చు. తరువాతి వాయిదాలకు బేడీలు లేకుండా తీసుకురావాలని న్యాయవాది ద్వారా ఉత్తర్వు కోరవచ్చు. ఒకసారి అటువంటి ఉత్తర్వు ఉంటే ఎస్కార్టు సిబ్బందికి కూడా అది రక్షణే.

రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి న్యాయవాది అవసరం లేదు. అయితే సంఘటన జరిగిన ఏడాది లోపల చేయాలి. 226వ అధికరణం క్రింద హైకోర్టులో రిట్ పిటిషను వేసి నష్టపరిహారం కోరవచ్చు. 2022 జూన్‌లో కర్ణాటక హైకోర్టు ధార్వాడ ధర్మాసనం, కారణం లేకుండా బేడీలు వేయబడిన ఒక న్యాయశాస్త్ర విద్యార్థికి 2 లక్షల రూపాయలు చెల్లించమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. బేడీలు వేసిన కారణాన్ని కేసు డైరీలో వ్రాయాలని, అరెస్టు చేసే సిబ్బందికి శరీరానికి తగిలించుకునే కెమెరాలు ఇవ్వాలని కూడా ఆ తీర్పులో ఉన్నది.